గడ్డం లేని చక్రవర్తి

చెల్లి సంచిలో నేను పెట్టేవి పెడుతున్నాను, అది తీసేవి తీస్తోంది. ఉన్ని శాలువా పెట్టాను. ఎండాకాలంలో శాలువా ఏమిటక్కా అని తీసి మంచం మీద పడేసింది. తలనొప్పి మాత్రలు, సూదీ దారం, ఇంకో జత చెప్పులు పెట్టాను. చెప్పులు తీసేసింది. సంచి అడుగున అప్పటికే తన భూతద్దం, మెత్తని కుంచెలు, ఎముకతో చేసిన సన్నటి పుల్లలు ఉన్నాయి. అవి ఉంటే చాలు, తిండి లేకపోయినా బతికేస్తానన్నట్టుంది దాని వాలకం.

సంచి సర్దడమంటే నాకు గుండెదడ. సాయంత్రానికి వస్తానని చేతిసంచితో వెళ్ళిన మా నాన్నని ఆ తర్వాత మేము చూడలేదు. అప్పటినుంచీ ఇంట్లో ఎవరు సంచి పట్టుకున్నా నేను గుమ్మందాకా వెళ్ళి, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, ఆ తర్వాత కూడా కాసేపు ఖాళీ వీధిని చూస్తూ నిలబడతాను.

"నేను పోయేది కొండమీదికి, కాటికి కాదు," అంది చెల్లి. "వారంలో వచ్చేస్తాను. ఆ మొహం కాస్త మార్చు."

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న మా ఆయన నవ్వారు. మీ అక్క మొహం మారదులే, నాణెం మీద వెయ్యాల్సి వస్తే ఏ ఊరి పనివాడైనా కళ్ళు మూసుకుని చెక్కేస్తాడు అన్నారు. ఆయన అలా మాట్లాడేవారు. ఆ మాటలకే ఒకప్పుడు నేను పడిపోయాను.

ఆయన మ్యూజియంలో నాణేల గదికి పెద్ద. బయట అందరూ ముక్కుల మాస్టారు అనేవారు. రోమన్ చక్రవర్తుల కాలంలో దూరపు ఊళ్ళు సొంతంగా ముద్రించుకున్న రాగి నాణేలు ఆయన చదువు. అరిగిపోయి, చిలుముపట్టి, అక్షరం మిగలని నాణేన్ని చేతికిచ్చినా, ముక్కు చూసి ఇది ఫలానా చక్రవర్తి అని చెప్పేవారు. చెల్లి కొన్నేళ్ళుగా ఆ గదిలోనే ఆయన కింద తాత్కాలికంగా పనిచేస్తోంది. నాణేలు శుభ్రం చెయ్యడం దాని పని.

ఆ వేసవి మొదట్లో కొండమీద రోడ్డు వెడల్పు చేస్తుంటే, కూలిన పాత గోడ కింద ఒక కుండ బయటపడింది. నిండా రాగి నాణేలు. ఒకప్పుడు అక్కడ చిన్న ఊరుండేది. ఆ ఊరి మీద మా ఆయన పన్నెండేళ్ళుగా పుస్తకం రాస్తున్నారు. ట్రాజన్ చక్రవర్తి ఏలుతుండగా వచ్చిన భూకంపంలో ఆ ఊరు నేలమట్టమైందనీ, ఆ తర్వాత అక్కడ మనిషన్నవాడు కాపురం పెట్టలేదనీ ఆయన వాదం. ఆ గోడ కూలింది కూడా ఆ భూకంపానికే అని ముందే రాసేశారు. ఇప్పుడు దాని కిందే కుండ దొరికింది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. అందుకని ఆయనా చెల్లీ కలిసి దాన్ని తేవడానికి బయల్దేరారు.

వేసవి చివర పై ఆఫీసునుంచి పరీక్షాధికారి వస్తాడు. నాణేలన్నీ చూసి, పుస్తకం అచ్చుకి వెళ్ళొచ్చని చెప్పాలి. చెల్లి పని చూసి దాని ఉద్యోగం ఖాయం చెయ్యాలి. ఖాయమైతే అది మాతోనే ఉంటుంది. లేకపోతే పని వెతుక్కుంటూ ఇంకో ఊరు పోవాలి. పుస్తకం సంగతి ఎలా ఉన్నా, నాకు కావలసింది మాత్రం చెల్లి నా కళ్ళెదుట ఉండటం. ఆ వేసవంతా అదొక్కటే కోరుకున్నాను.

*

చెప్పినట్టే వారానికి వచ్చారు. ఎండకి మాడి, దుమ్ము కొట్టుకుని, ఇద్దరూ ఒకరిమాట ఒకరు అందుకుంటూ వచ్చారు. నాణేలు చిలుముతో ఒకదానికొకటి అతుక్కుని బెల్లపు ముద్దల్లా ఉన్నాయని, విడిగా పొట్లాలు కట్టి గదిలో పెట్టామని చెప్పారు. నేను ఇద్దరి చేతులూ కాళ్ళూ చూసి, దెబ్బలేమీ లేవని రూఢి చేసుకున్నాకే లోపలికి రానిచ్చాను.

సాయంత్రాలు మా ఇంట్లో ఒక ఆట ఉండేది. భోజనాలయ్యాక మా ఆయన ఒక రేకుడబ్బా తీసేవారు. అందులో ఆయన సొంత నాణేలు, ఎవరూ కొననంతగా అరిగిపోయినవి. ఒకటి తీసి, అంచు చుట్టూ ఉండే అక్షరాలని బొటనవేలితో మూసి, మధ్యలో మొహం మాత్రం కనిపించేలా చెల్లి ముందు పట్టేవారు.

"ఎవరు?"

అక్షరాలు చూసి పేరు చెప్పడం గుమాస్తా పని, మొహం చూసి చెప్పడం మన పని అని ఆయన గురువుగారు నేర్పారట. ఆ దూరపు ఊళ్ళలో అచ్చులు చెక్కినవాళ్ళు చక్రవర్తిని చూసిన పాపాన పోలేదు. రాజధానినుంచి వచ్చిన ఏ నాణేన్నో బొమ్మనో ముందు పెట్టుకుని చెక్కేవారు. అందుకే ఒకే చక్రవర్తి ఒక ఊళ్ళో ముసలి ఎద్దులా, పక్క ఊళ్ళో పెళ్ళికొడుకులా ఉంటాడు. అయినా ఏదో ఒకటి దాగదనేవారు మా ఆయన. నీరోకి మెడ. వెస్పాసియన్‌కి దవడ. ట్రాజన్‌కి నుదుటిమీదికి అణిచి దువ్విన జుట్టు. ఇక ట్రాజన్ దాకా దాదాపు అందరూ నున్నగా గీయించుకున్నవాళ్ళే. అతని తర్వాత వచ్చిన హాడ్రియన్ గడ్డం పెంచాడు. అక్కడినుంచి చాలాకాలం గడ్డాలే గడ్డాలు. అందుకని గడ్డం ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న.

చెల్లి చాలాసార్లు సరిగ్గా చెప్పేది. తెలియకపోతే, "ఎదురింటి టైలరమ్మ మొగుడు బావా, సందేహం లేదు," అనేది. దవడ చూస్తే నిజమే అనిపించేది.

ఆ టైలరమ్మ మిషను కిటికీ పక్కనే వేసుకునేది. అక్క వంటింట్లో, మరదలు బావ పక్కన, బాగానే కుదిరింది కొలువు అని ఒకరోజు నా మొహం మీదే అంది. వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ ఎవడో ఒక చచ్చిన రాజు కూర్చునే ఉంటాడు, నాకేం బెంగ అన్నాను. ఆ తర్వాత కొంతకాలం ఆవిడ నా బట్టలు వంకరగా కుట్టింది.

నేను వంటింట్లోనే ఉండేదాన్ని కాదు. అంట్లు తోమి వచ్చి బల్ల చివర కూర్చునేదాన్ని. నేను బడికి పోయింది తక్కువ. మన అక్షరాలు పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నాను. ఆ నాణేల మీది గ్రీకు అక్షరాలు ఆ బల్ల దగ్గర నేర్చుకున్నాను. వరసలో కాదు, చక్రవర్తుల పేర్లు పట్టుకుని. ఆయన వేలు తీయగానే అందరికంటే ముందు నేను పేరు గొణిగేదాన్ని. గుమాస్తా వచ్చింది అనేవారు ఆయన.

*

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం భోజనం డబ్బా తీసుకుని నాణేల గదికి వెళ్ళాను. పొడుగాటి బల్ల, దానిమీద ఆకుపచ్చ గుడ్డ, నీళ్ళ పళ్ళేల్లో నానుతున్న నాణేలు, ఉత్తరపు కిటికీ. మా ఆయన అచ్చాఫీసుకి వెళ్ళారు. చెల్లి ఒక నాణెం మీదికి వంగి ఉంది, నేను వచ్చినట్టు కూడా తెలీదు. డబ్బా కింద పెట్టిన చప్పుడికి తల ఎత్తకుండానే అంది.

"అక్కా, చెయ్యి తుడుచుకుని ఆ దీపం పట్టుకో. పైన కాదు. బల్లకి ఆనించి పక్కనుంచి వెలుతురు పడాలి."

పట్టుకున్నాను. పైనుంచి చూస్తే ఏమీలేని అంచు మీద, వెలుతురు అడ్డంగా పడేసరికి నీడలు లేచాయి. మొదట ట్రాజన్ పేరు. మధ్యలో మొహమూ అతనిదే, గడ్డం లేదు, జుట్టు నుదుటికి అణిచి ఉంది. సరే, ట్రాజనే కదా అన్నాను.

ఇంకొంచెం తిప్పమంది. తిప్పాను. ఆ పేరు తర్వాత ఇంకో పేరు పైకి తేలింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. హాడ్రియన్.

చెల్లి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ట్రాజన్ ఎక్కడో దూరదేశంలో పోయాడు. దత్తుడని చెప్పి హాడ్రియన్ గద్దెనెక్కాడు, పెంపుడు తండ్రి పేరు ముందు పెట్టుకుని తన పేరు వెనక పెట్టుకున్నాడు. ఈ ఊరివాళ్ళు వెంటనే కొత్త చక్రవర్తి పేరుతో నాణేలు ముద్రించాలి. అతనెలా ఉంటాడో ఇక్కడ ఎవరికీ తెలీదు, గడ్డం ఉందని అసలే తెలీదు.

"కబురు వచ్చింది, బొమ్మ రాలేదు," అంది చెల్లి. "ఏం చేస్తాడు పాపం, అచ్చు చెక్కేవాడు. పాత మొహానికే కొత్త పేరు చుట్టాడు."

దానికి ఆ పనివాడు కళ్ళముందు కనిపిస్తున్నాడు. నాకు మా ఆయన కనిపించారు. హాడ్రియన్ నాణెం ఆ కుండలో ఉందంటే, ట్రాజన్ పోయాక కూడా ఆ గోడ నిలబడే ఉంది. గోడ నిలబడితే ఊరు నిలబడింది. ఊరు నిలబడితే పుస్తకం కూలింది.

ఇప్పుడే బావకి చెప్పకు అన్నాను. అది ఆశ్చర్యంగా చూసింది. ఎందుకక్కా, సంతోషిస్తారు, ఇలాంటిది జన్మకొకటి దొరుకుతుంది అంది.

ఆయన వచ్చాక చెప్పింది. నేనింకా అక్కడే ఉన్నాను. ఆయన నాణెం చేతిలోకి తీసుకుని, అలవాటుగా అక్షరాలమీద బొటనవేలు వేసి చెల్లి ముందు పట్టారు.

"ఎవరు?"

"ట్రాజన్," అంది చెల్లి. "వేలు తియ్యండి బావా."

తీశారు. దీపం కింద పెట్టి చూశారు, చాలాసేపు చూశారు. చిలుములో గీతలు వెతికితే దేవుడు కూడా కనిపిస్తాడమ్మాయ్ అని పళ్ళెంలో పెట్టేశారు. ఫోటో తీయిద్దామంది చెల్లి. శుభ్రం చెయ్యడం పూర్తయ్యాకే ఫోటోలు, అది గది పద్ధతి, నీకు తెలియనిదా అన్నారు. నిజంగానే అది పద్ధతి. చెల్లి తలూపింది.

*

ఆ రోజునుంచీ రేకుడబ్బా బయటికి రాలేదు. భోజనాల దగ్గర ఉలుకూ పలుకూ లేదు. నేను ఒకరికి మంచినీళ్ళు, ఒకరికి ఉప్పు అందిస్తూ మధ్యలో అడకత్తెరలో పోకచెక్కలా ఉండేదాన్ని.

కొన్నాళ్ళకి ఆయనే నన్ను పక్కకి పిలిచారు. నీ చెల్లెలికి నువ్వు చెప్పు, ఉద్యోగం ఖాయమయ్యాక ఎన్ని పరిశోధనలు కావాలంటే అన్ని చేసుకోమను, పరీక్షాధికారి ముందు మాత్రం తన కళ్ళజోడు ప్రతాపం చూపించొద్దను అన్నారు. ఖాయం చెయ్యమని సిఫారసు రాయాల్సింది ఆయనే. ఆ మాట అనలేదు. అనక్కర్లేదు.

నేను చెల్లిని పెరట్లో బట్టలు ఆరేస్తుంటే అడిగాను. అబద్ధం ఆడమనలేదు. కొన్నాళ్ళు ఊరుకోమన్నాను. ప్రతి నాణెం ఎవరిదో అతను నన్నే అడుగుతాడక్కా, దాని దగ్గరికి వచ్చేసరికి ఏమనను అంది. ట్రాజన్ అను, మొహం అతనిదేగా అన్నాను.

"మొహం అతనిదే. కాలం అతనిది కాదు," అంది. తడిబట్ట దులిపి తీగమీద వేసింది. "నాకు వచ్చిన పని ఇదొక్కటేనక్కా. ఇందులో కూడా అబద్ధమాడితే ఇంక ఎక్కడ నిజం చెప్పను?"

దాని మొండితనం నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడు జ్వరంతో కూడా మందు తియ్యగా ఉందంటే ఒప్పుకోని పిల్ల. వినదండీ అని ఆయనకి చెప్పాను. కేకలేస్తారనుకున్నాను. సరేలే అన్నారు, తేలిగ్గా. కేకలేసి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

*

పరీక్షాధికారి రేపు వస్తాడనగా సెలవు రోజు. చెల్లి ఇంట్లో తల ఆరబెట్టుకుంటోంది. మా ఆయన తాళంచెవులు తీసుకుని, గది సర్దాలని చెప్పి వెళ్ళారు. మధ్యాహ్నం దాటాక వచ్చారు, పళ్ళు కొనుక్కుని మరీ వచ్చారు. సాయంత్రం రేకుడబ్బా తీశారు. చెల్లి మొహం విప్పారింది. బావకి కోపం పోయిందక్కా అని నా చెవిలో చెప్పింది. ఆ రోజు ముగ్గురం చాలాసేపు ఆడుకున్నాం. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున్నే ఆయన చొక్కా ఉతికాను. కుడిచేతి పట్టీ అంచున సన్నటి పొడి, కుట్టులో ఇరుక్కుని ఉంది. నీళ్ళు తగలగానే పచ్చగా సాగింది. చిలుము. ఆయనకి చెయ్యి కొంచెం వణుకు మొదలైనప్పటినుంచీ చిలుము గీకే సూది నాణెం మీద పెట్టడం మానేశారు. ఆ పని పూర్తిగా చెల్లిదే. ఆ మరక మీద సబ్బు రుద్ది, జాడించి, తీగమీద వేశాను.

చెల్లి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసింది. కూర్చుని, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను అడగకుండానే చెప్పింది.

పరీక్షాధికారి కూడా ఆ గురువుగారి దగ్గర చదువుకున్నవాడే. మా ఆయనకి పాత స్నేహితుడు. ప్రతి నాణేన్నీ అలాగే, అక్షరాల మీద బొటనవేలు వేసి చూశాడట. ఆ నాణేన్నీ అలాగే చూసి ట్రాజన్ అన్నాడు. వేలు తీసి చూడండి సార్ అంది చెల్లి. తీశాడు. ట్రాజన్ పేరు ఉంది. దాని తర్వాత, అక్షరాలుండాల్సిన చోట, కొత్తగా తోమిన గిన్నెలా రాగి తళతళలాడుతోంది. దీన్ని శుభ్రం చేసింది ఎవరని అడిగాడు. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"నేనే అన్నాను," అంది చెల్లి. "ఎక్కువ గీకేశానన్నాను."

చొక్కా సంగతి చెప్పాను. అది ఆశ్చర్యపోలేదు.

"తెలుసక్కా. గీతలు చూస్తేనే తెలిసింది. ఎడమనుంచి కుడికి లాగి చివర కాస్త పైకెత్తే చెయ్యి అదొక్కటే. నాకు సూది పట్టుకోవడం నేర్పిన చెయ్యి."

మరి నువ్వని ఎందుకన్నావే అని అడిగాను. అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూసింది.

"ఆయనే అని తేలితే ఉద్యోగం పోతుంది. ఈ ఇల్లు ఉద్యోగంతో వచ్చింది. నువ్వెక్కడికి పోతావు?"

పరీక్షాధికారి దాని ఉద్యోగం ఖాయం చెయ్యలేదు. సూది ముట్టుకోకుండా, నాణేలు కడిగి పొట్లాలు కట్టే పనికి, మా ఆయన ఇష్టపడితే ఉండొచ్చన్నాడట. అది దానికీ సిద్ధపడింది. ఆ కుండలో ఇంకా విప్పని ముద్దలు చాలా ఉన్నాయి, హాడ్రియన్ ఒక్కడే వచ్చి కూర్చుంటాడా, వచ్చే ఏడు చూద్దాం అంది. అని నవ్వబోయింది కూడా. ఎవరికీ ఏమీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకోబోయింది. నేను వేయలేదు.

*

మర్నాడు పొద్దున పరీక్షాధికారి దిగిన అతిథిగృహానికి వెళ్ళాను. వరండాలో టీ తాగుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు, నాకూ టీ తెప్పించాడు. అంత మర్యాదస్తుడు. దీపం సంగతి, సెలవురోజు సంగతి, చొక్కా సంగతి వరసగా చెప్పాను. మధ్యలో అడ్డు రాలేదు.

ఆ అక్షరాలు మీరే చదివారా అని అడిగాడు. చదివానన్నాను. ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. మా ఇంటి భోజనాల బల్ల దగ్గర అన్నాను. అతను తల వంచుకుని కప్పులో చెంచా తిప్పాడు.

"అమ్మా, చెల్లెలు నేను చేశానంటోంది. అక్క కాదంటోంది. అదీ కట్టుకున్న మొగుడి మీద," అన్నాడు. "నేను ఎవరి మాట రాయను? నాణెం మీద ఉన్నదే రాయాలి. దానిమీద ఇప్పుడు మొహమూ, ఒక్క పేరూ ఉన్నాయి."

చొక్కా తెచ్చి చూపించనా అన్నాను. ఉతికేశానని చెప్పారు కదమ్మా అన్నాడు, జాలిగానే.

టీ చల్లారిపోయింది. తాగి వచ్చేశాను. అతను మా ఆయనకి ఆ మధ్యాహ్నమే చెప్పాడు. పాత స్నేహితులు మరి.

మా ఆయన ఎప్పుడూ వచ్చే వేళకే ఇంటికి వచ్చారు. చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. నావైపు చూడలేదు, చెల్లితో మాట్లాడారు.

"మీ అక్క పొద్దున వెళ్ళి నేను దొంగనని చెప్పి వచ్చింది. మంచిదే. ఇంక నువ్వు ఆ గదిలోకి వస్తే జనం నవ్వుతారమ్మాయ్."

గొంతు పెంచలేదు. పొమ్మనలేక పొగబెట్టేవాళ్ళుంటారు. ఆయన పొగ కూడా పెట్టలేదు, తలుపు తీసి పట్టుకున్నారంతే. చెల్లి సరే బావా అని లేచి వెళ్ళిపోయింది.

అది గదిలోకి వెళ్ళాక నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఎందుకు చేశారని అడిగాను. చెయ్యలేదని అంటారనుకున్నాను. అనలేదు.

"పన్నెండేళ్ళు," అన్నారు. "అరిగిన రాగిముక్క ఒక్కటి దొరికిందని పన్నెండేళ్ళు పెంటమీద పారబొయ్యమంటావా? మొహం ట్రాజన్‌దే. నేను మొహాన్ని ముట్టుకోలేదు."

"మీరు గీకేసింది నిలబడి ఉన్న ఊరిని కదండీ," అన్నాను.

ఆయన మంచినీళ్ళు అడిగారు. ఇచ్చాను.

చెల్లి మర్నాడు బయల్దేరింది. వేరే ఊళ్ళో ఎక్కడో గాజు సామాను దుకాణంలో లెక్కలు చూసే పని ఉందని, తెలిసినవాళ్ళు ఉన్నారని చెప్పింది. నేను బస్సుదాకా వెళ్ళాను. బస్సు వచ్చి నిలబడ్డాక అప్పుడంది.

"ఎందుకు వెళ్ళావక్కా ఆ అధికారి దగ్గరికి? నేను నేరం మీద వేసుకున్నది నువ్వు ఆ ఇంట్లో ఉండాలనే కాదు. నేనూ ఆ గదిలో ఉండాలని. నీకు ఇల్లు మిగిలింది. నాకు గది లేకుండా చేశావు."

అది నా మీద కోపంతో వెళ్ళింది. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఇవాళ జరిగినా నేను మళ్ళీ ఆ వరండాలోకి వెళ్తాను, మళ్ళీ అంతా చెప్తాను. చెల్లెలి నెత్తిన చెయ్యని నేరం పెట్టి దాని పక్కన కూర్చుని భోజనం చేసే శక్తి నాకు లేదు. ఈ మాట దానికి చెప్పేలోపు బస్సు కదిలింది.

మిగతా పొట్లాలు మా ఆయన ఒక్కరే విప్పారు. అందులో హాడ్రియన్ దొరకలేదన్నారు. పుస్తకం ఆ శీతాకాలానికి వచ్చింది. మంచి కాగితం, గట్టి అట్ట. మెచ్చుకున్నవాళ్ళు మెచ్చుకున్నారు. నేను వంటపని అయ్యాక రోజుకి కాసిని పేజీలు చొప్పున చివరిదాకా చదివాను. తన పుస్తకం భార్య చదువుతోందని ఆయన వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. ఆ నాణెం ఫోటో అందులో ఉంది. గడ్డం లేని మొహం, సగం దూరం అక్షరాలు, సగం దూరం ఏమీ లేదు. కింద ట్రాజన్ అని వేశారు. మొహం స్పష్టంగా ఉన్నందువల్ల అనుమానానికి తావులేదని రాశారు.

ఆ తర్వాత ఆయనతో చాలా ఏళ్ళు కాపురం చేశాను. కేకలేసుకోలేదు. ఎదురింటి టైలరమ్మ, మరదలు వెళ్ళిపోయింది కదా, ఇప్పుడు నీకు నిశ్చింత అంది. తలూపాను. ఆయన తన మంచం మీదే, నిద్రలో పోయారు. పత్రికలో నాలుగు ముక్కలు మంచిగా రాశారు. అవి కూడా చదివాను.

చెల్లికి ఉత్తరాలు రాశాను. మొదటి ఏడాది ఒకదానికి జవాబు వచ్చింది. బాగానే ఉన్నానని, కళ్ళజోడు మార్చానని రాసింది. తర్వాత రాలేదు. దుకాణం వాళ్ళ దగ్గరనుంచి ఒక కార్డు వచ్చింది, అంతా అయిపోయిన నెలకి.

నా చెల్లెలు ఆ వేసవి చివర, మొదటి వాన పడ్డ బుధవారం మధ్యాహ్నం బస్సెక్కింది. ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. తిరిగి రాలేదు.